మా అమ్మమ్మ, లంక బడి టీచరు గారు: మీకు గుర్తున్నవి రాయండి

విభాగం: కోనసీమ కబుర్లు

లంక మనవరాలు
శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. రాజోలు వైపు, వశిష్ఠకీ వైనతేయకీ మధ్య ఉన్న మా లంక ఊళ్ళో 1960 నుంచి 1997 దాకా ఎలిమెంటరీ స్కూలు టీచరుగా చేసింది మా అమ్మమ్మ. మధ్యలో రెండు చిన్న బదిలీలు తప్ప ఉద్యోగమంతా ఆ ఒక్క బడిలోనే. పోయినేడు కార్తీకంలో పోయింది. వచ్చే నెల సంవత్సరీకం. ఆ రోజుకి చిన్న పుస్తకం వేద్దామని మనవలం అనుకున్నాం. ఊరి పేరు, ఆవిడ పేరు ఇక్కడ పెట్టొద్దని మావయ్యలన్నారు. ఆ బడిలో చదివినవాళ్ళకి ఎలాగూ చెప్పక్కర్లేదు.

మా దగ్గరున్నవన్నీ ఇంటి సంగతులే. ట్రంకుపెట్టె తెరిస్తే రెండు వస్తువులు దొరికాయి. ఒకటి, వేసవి సెలవుల హాజరు పట్టీ. పాత స్కూలు రిజిస్టర్లో మిగిలిన కాగితాలు కుట్టి, మా పదకొండుమంది పేర్లూ వరసగా రాసుకుంది. రాత్రి అన్నాల దగ్గర పేర్లు పిలిచేది, "ప్రెజెంట్ టీచర్" అంటేనే చేతిలో ముద్ద పెట్టేది. ఎవరైనా రాకపోతే పక్కన కారణం. "పెద్దవాడు: ఎంసెట్ కోచింగ్." "చిన్నది: అలిగింది, మే 20న వచ్చింది." ఆ చిన్నది నేనే.

రెండోది పంచాంగాలు. 1950ల నుంచీ ఉన్నాయి, దొంతర దొంతర. అమ్మమ్మకి ముహూర్తాల పట్టింపు అస్సలు లేదు. మరి ఇవెందుకు దాచిందో అమ్మకీ తెలీదు, మావయ్యలకీ తెలీదు. మీలో ఎవరికైనా తెలుసా?

వశిష్ఠ గట్టు
శనివారం, రాత్రి 9:48

టీచరు గారు పోయారని నాకు ఇప్పుడే తెలిసిందమ్మా. మాది 84 బ్యాచి. రేపు తీరిగ్గా రాస్తాను.

రైలుబండి
శనివారం, రాత్రి 10:31

పంచాంగాల సంగతి నేను చెప్తానండి.

మా రోజుల్లో పిల్లాణ్ణి బళ్ళో వేసేటప్పుడు పుట్టినతేదీ ఎవరికి తెలుసు? మేష్టార్లు ఐదేళ్ళు నిండేట్టు వెనక్కి లెక్కేసి జులై 1 అని రాసి పడేసేవారు. మన వయసువాళ్ళ సర్టిఫికెట్లు చూడండి, ఊళ్ళకి ఊళ్ళు జులై 1నే పుట్టాయి.

టీచరు గారు అలా రాసేవారు కాదు. అమ్మల్ని పిలిపించి బడి అరుగు మీద కూర్చోబెట్టి ఆరా తీసేవారు. వీడు పుట్టినప్పుడు గోదారి ఎర్రగా ఉందా, తేటపడిందా? సార్వా వరి నాట్లు ఊడ్చారా, కోశారా? కాలువలు కట్టేశారా? అంతర్వేది తీర్థానికి ముందా, వెనకా? మా అమ్మేమో "రథం లాగిన వారానికండి, లక్ష్మివారం, తీర్థంలో కొన్న జీళ్ళు ఇంకా డబ్బాలో ఉన్నాయి" అందట. రథం భీష్మ ఏకాదశినాడు లాగుతారు. ఇంకేం, ఆ ఏటి పంచాంగం తీసి, ఏకాదశి ఏ తేదీన పడిందో చూసి, వారం కలిపి, నాకు ఫిబ్రవరి తేదీ వేశారు. 1965.

దాని ఫలితం వినండి. నాకంటే ముందు పుట్టినవాడొకడు, పక్క ఊరి బళ్ళో జులై 1 గాడు, రికార్డులో నాకంటే ఏడాదికి పైగా చిన్నవాడయ్యాడు. ఇద్దరం రైల్వేలోనే. నేను ఈ ఫిబ్రవరిలో దండ వేయించుకుని ఇంటికొచ్చాను. వాడు ఇంకా డ్యూటీ ఎక్కుతున్నాడు. టీచరు గారి మీద నాకున్న ఫిర్యాదు ఇదొక్కటే. పుస్తకంలో వెయ్యండి.

లంక మనవరాలు
శనివారం, రాత్రి 10:40

అయ్య బాబోయ్! అండీ, కళ్ళంట నీళ్ళొచ్చాయి, నవ్వా ఏడుపా తెలీట్లేదు. ఆ పంచాంగాల్లో కొన్ని పేజీల్లో పెన్సిలు టిక్కులున్నాయి. వాటి పక్కన పొడి అక్షరాలు. అవి పిల్లల పేర్లన్నమాట.

రెండో టీచరు
ఆదివారం, ఉదయం 6:15

అమ్మా, నేను 1988లో ఆ బడికి రెండో టీచరుగా వెళ్ళాను, తర్వాత వేరేచోట రిటైరయ్యాను. కాస్త పొడుగ్గా రాస్తాను, పుస్తకానికి కావలసినంత తీసుకోండి.

ఆ బడిలో మొదట హెడ్మాస్టరు గారు, టీచరు గారు ఇద్దరూ ఉండేవారు. 1983లో ప్రభుత్వం రిటైర్మెంటు వయసు 58 నుంచి 55కి దించేసరికి హెడ్మాస్టరు గారు ఉన్నపళాన ఇంటికెళ్ళిపోయారు. తర్వాత మళ్ళీ 58 చేశారు గాని ఆ కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది. ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులూ, ఒక్క మనిషి. ఒకే గది, ఒక వరండా. ఐదో తరగతివాళ్ళ చేత ఒకటో తరగతికి గుణింతాలు చెప్పించి, ఆ సందులో మూడు, నాలుగు తరగతులకి లెక్కలు చెప్పేవారు. ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం వచ్చి ఒక్క టీచరే ఉన్న బళ్ళకి రెండో మనిషిని ఇచ్చినప్పుడు నేను వెళ్ళాను.

ఆ పథకంలోనే బడికి గ్లోబు, మ్యాపులు, సైన్సు కిట్టు, డోలక్కు వచ్చాయి. చాలా బళ్ళలో వాటిని బీరువాలో పెట్టి తాళం వేశారు. పగిలితే జీతంలో రికవరీ పెడతారని భయం. నాకూ అదే భయం. ఆవిడ గ్లోబు తీసి పిల్లల మధ్య పెట్టేశారు. ఏడాది తిరక్కుండా దక్షిణ అమెరికా చెరిగిపోయింది, అందరూ వేలు పెట్టేది అక్కడే మరి. రికవరీ ఎవరూ పెట్టలేదు.

ఇక హాజరు. మనవల హాజరు పట్టీలో కారణాలు రాసేదన్నావు చూడు, అది బళ్ళో అలవాటే. కొందరు రాని పిల్లలకి కూడా హాజరు వేసేవారు, సంఖ్య తగ్గితే పై నుంచి మాట వస్తుందని. ఆవిడ ఆబ్సెంటు వేసి, చివర రిమార్కుల గడిలో సన్నటి అక్షరాలతో కారణం రాసేవారు. "ఊడ్పులు." "దాళ్వా కోత." "చెల్లిని ఎత్తుకుంది." "పడవ రాలేదు." ఒకసారి ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఆఫీసరు "ఇది రిజిస్టరా, మీ డైరీనా?" అని కసిరారు. "తమరు ఎలాగూ కారణం అడుగుతారు కదండీ, ముందే రాసి ఉంచాను" అన్నారు. ఆయనకి నవ్వు ఆగలేదు. సంతకం పెట్టి వెళ్ళిపోయారు.

ఓ గడిలో "బట్టలు ఆరలేదు" అని ఉండేది. శ్రావణంలో ముసురు పట్టి, ఒక్క గౌనున్న పిల్ల రెండ్రోజులు రాలేదు. ఆ తర్వాత నుంచి టీచరు గారి సంచిలో కుట్టించిన గౌనొకటి మడతపెట్టి ఉండేది. ఎవరికి అవసరమైతే వాళ్ళకి, బళ్ళో ఉన్నంతసేపే. సాయంత్రం మళ్ళీ సంచిలోకి. ఇచ్చేయొచ్చు కదండీ అన్నాను. ఇస్తే ఇంట్లో దాచేస్తారు, రేపు ముసురుకి మళ్ళీ రాదు అన్నారు.

ఉభయ గోదావరి
ఆదివారం, ఉదయం 8:02

మరో డొక్కా సీతమ్మ గారండీ ఈవిడ. చేతులెత్తి మొక్కాలి.

రెండో టీచరు
ఆదివారం, ఉదయం 8:20

అంత పోలిక వద్దండీ. సీతమ్మ గారు లంకల గన్నవరంలో వచ్చినవాడికల్లా వండి పెట్టిన తల్లి, ఇప్పుడు బడి భోజనానికి ఆవిడ పేరే పెట్టుకున్నారు. మా టీచరు గారు మధ్యాహ్నం డబ్బాలో తెచ్చుకున్నది తనే తినేవారు, నాకు కూడా పెట్టేవారు కాదు. బడి భోజనాలు వచ్చింది 2003లో, ఆవిడ రిటైరయ్యాక. అంతకు ముందు పిల్లలు అన్నానికి ఇంటికెళ్తే సగం మంది తిరిగొచ్చేవారు కాదు. అందుకని మధ్యాహ్నం రెండోసారి పేర్లు పిలిచేవారు. రానివాళ్ళ ఇంటికి ఐదో తరగతివాణ్ణి తోలేవారు. ఆవిడ చేసింది ఇదీ. దీన్ని దీనిలాగే రాయండి.

వశిష్ఠ గట్టు
ఆదివారం, ఉదయం 10:05

చెప్పినట్టే వచ్చాను. 86 ఆగస్టు వరద రాస్తాను. అప్పుడు నేను మూడో తరగతి.

ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. 2022 జులైలో మనమందరం బెంబేలెత్తిపోయామే, అది పాతిక లక్షల పైచిలుకు. అంటే ఊహించుకోండి. ఏటిగట్టు మీద జనం, గొడ్లు, మంచాలు అన్నీ ఒకటే వరస. బడి కాస్త మెరక మీద ఉండడంతో పది పదిహేను కుటుంబాలు అందులోకి చేరాయి. నీళ్ళు మెట్లెక్కుతున్నాయి అనగానే టీచరు గారు చేసిన మొదటి పని అడ్మిషన్ రిజిస్టర్లన్నీ ఇత్తడి గుండిగలో పెట్టి, మూతకి గుడ్డ కట్టి, మా నాన్న చేత అటకెక్కించడం. మా మామ్మ తిట్టింది కూడా. "జనం పోతుంటే కాయితాలేంటమ్మా!" అని.

మా మామ్మకి ఆ కాయితాల విలువ నాకు టెన్త్ అయ్యాక తెలిసింది. చుట్టుపక్కల తడిసిపోయిన బళ్ళ పిల్లలు పుట్టినతేదీ రుజువుకి ఆఫీసుల చుట్టూ తిరిగారు. మాకు ఆ బాధ లేదు. గుండిగ మాత్రం సొట్టపోయింది, అది టీచరు గారి సొంతం.

కొబ్బరి దింపు
ఆదివారం, మధ్యాహ్నం 1:40

అందరూ బాగానే రాస్తన్నారు. నేనూ ఆ బడే. నాలుగో తరగతిలో మానేశాను.

టీచరు గారు నన్ను చింతబరికెతో కొట్టారు. లెక్క రాలేదని కాదు. ఊడ్పుల్లో అమ్మతో చేలోకెళ్ళి వారం రాలేదని. మాకు కూలొస్తేనే కూడు. రిజిస్టర్లో "ఊడ్పులు" అని రాసుకున్నావిడకి ఎందుకు రాలేదో తెలీదా? తెలిసీ కొట్టారు. మా నాన్న బడికొచ్చి పెద్ద గొడవ చేశాడు. మర్నాటి నుంచి నేను బడి మొహం చూళ్ళేదు. చెట్టెక్కడం నేర్చుకున్నాను.

తర్వాత ఆళ్ళ దొడ్లో చెట్లకి దింపు తీసింది నేనే, చాన్నాళ్ళు. ఆ మాట ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కాయలు కుప్ప పోశాక మాత్రం నా చేత పైకి లెక్కపెట్టించేది, వందకో గీత గోడ మీద గీయించేది. నేను తప్పు చెప్తే ఒప్పుకునేది కాదు, మళ్ళీ మొదట్నించీ. పాడె మోసినోళ్ళలో నేనున్నాను. కోపం కూడా ఉంది. రాస్తే ఇదీ రాయండి.

పెద్ద మనవడు
ఆదివారం, మధ్యాహ్నం 2:15

క్షమించాలి, నాకు నమ్మబుద్ధి కావట్లేదు. అమ్మమ్మ చేతిలో బరికె మేమెవ్వరం చూళ్ళేదు. మా మీద గొంతు కూడా పెంచేది కాదు. సాయంత్రమయితే కుంపటి మీద ఇనప మూకుడు పెట్టి దిబ్బరొట్టె వేసేది. మూత మీద కొబ్బరి డొక్కల నిప్పులు పోసేది, పైనా కిందా ఎర్రగా కాలాలని. కాలాక దాన్ని కోసే పని మాలో ఒకడికి, రోజుకొకడికి. కోసినవాడు ముక్క ఆఖర్న తీసుకోవాలి. చచ్చినట్టు సమానంగా కోసేవాళ్ళం. భిన్నాలు నాకు అలా వచ్చాయి, పానకంలో ముంచుకుంటూ. అలాంటి మనిషి పేదింటి పిల్లాణ్ణి కొట్టిందంటే ఎలా?

ఉభయ గోదావరి
ఆదివారం, మధ్యాహ్నం 2:32

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలండీ. ఆ పోస్టు తీసేస్తే బాగుంటుంది.

కొబ్బరి దింపు
ఆదివారం, మధ్యాహ్నం 2:50

తీసేసుకోండి. అడిగితే రాశాను.

మోడరేటర్
ఆదివారం, మధ్యాహ్నం 3:05

పోస్టు తీయం. ఇందులో తిట్టు లేదు, అబద్ధమని ఎవరూ అనలేదు. దయచేసి అందరూ నెమ్మదిగా రాయండి.

రెండో టీచరు
ఆదివారం, సాయంత్రం 4:30

పెద్ద మనవడు గారికి. బాబూ, బరికె ఉండేది. నేను వెళ్ళేసరికి బల్ల మీదే ఉంది. ఆ రోజుల్లో అది లేని బడి నేను చూడలేదు, నా చేతిలోనూ ఉండేది. ఊడ్పుల రోజుల్లో ఆవిడకి కోపం ఎక్కువగా ఉండేది, అది నిజం. ఆ కోపం పిల్లల మీద రావాల్సింది కాదు, కానీ వచ్చేది. తర్వాత్తర్వాత వాడకం తగ్గింది, పూర్తిగా పోలేదు. మీరు పుట్టేసరికి ఆవిడ రిటైరయ్యారు.

పేట వీధి
ఆదివారం, రాత్రి 8:12

ఇంత జరిగాక నేనూ రాస్తాను. 70ల్లో చదివాను, దళితపేట పిల్లని. బళ్ళో మంచినీళ్ళ కుండ వరండాలో ఉండేది. ఊళ్ళో పిల్లలు గ్లాసు ముంచుకుని తాగేవాళ్ళు. మేం దోసిలి పడితే ఎవరో ఒకరు పైనుంచి పోసేవాళ్ళు. టీచరు గారు వచ్చాక కూడా కొన్నేళ్ళు అలాగే నడిచింది. ఆవిడా అలాగే పోశారు మాకు. దేవత అని రాసేవాళ్ళు ఈ ముక్క కూడా తెలుసుకోవాలి.

నేను మూడో తరగతిలో ఉండగా మారింది. ఏం జరిగిందో తెలీదు, ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఓ సోమవారం పొద్దున్న వచ్చేసరికి పొడుగు కాడ గరిటె ఉంది కుండ మీద. కుండ దగ్గర కూర్చునే పని వంతులవారీ అన్నారు. మొదటి వంతు నాది. అందరికీ నేను పోశాను. రెండిళ్ళవాళ్ళు వారం రోజులు పిల్లల్ని పంపలేదు. ఆ వారం రిజిస్టరు ఎక్కడైనా ఉంటే చూడమ్మా, ఆ పిల్లల పేర్ల చివర కారణం ఏం రాశారో నాకు తెలుసుకోవాలని ఉంది.

లంక మనవరాలు
ఆదివారం, రాత్రి 11:20

అండీ, హాజరు రిజిస్టర్లు బళ్ళోనే ఉండిపోయాయి, మా దగ్గర లేవు. హెచ్చెమ్ గారిని అడుగుతాను. అంత పాతవి ఉంచుతారో లేదో.

అమ్మకి మీ ఇద్దరి పోస్టులూ చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వెయ్యి, రెండూ వెయ్యి. మీ అమ్మమ్మయితే పక్కన కారణం రాయమనేది" అంది. పెద్ద మనవడు బావ కూడా ఒప్పుకున్నాడు, కాస్త గొణిగి. కొబ్బరి దింపు గారూ, బాబాయ్ అని పిలవొచ్చా? మీరెవరో నాకు అర్థమైంది. గోడ మీద గీతలు ఇంకా ఉన్నాయి, సున్నం వేయించినా కనబడుతున్నాయి.

మస్కట్ నుంచి
సోమవారం, ఉదయం 7:45

నేను టీచరు గారి ఆఖరి బ్యాచిల్లో ఒకదాన్ని. మా అమ్మ కువైట్‌లో ఇంటిపనికెళ్ళింది, నేను నాన్నమ్మ దగ్గర పెరిగాను. మా వీధిలో చాలా ఇళ్ళ కథ అదే. నెలకో రెండు నెలలకో ఉత్తరం వచ్చేది, నాన్నమ్మకి చదువు రాదు. టీచరు గారింటికి పట్టుకెళ్ళేవాళ్ళం. తలుపు వేసి చదివేవారు. ఎవరింట్లో ఎంత డబ్బు వచ్చింది, ఎవరమ్మ ఏం కష్టం రాసింది, ఆ గుమ్మం దాటేది కాదు. ఊళ్ళో అది ఎంత కష్టమో మీకు చెప్పాలా?

రెండో తరగతి సగంలో ఒకరోజు కవరు చింపి నా చేతికే ఇచ్చేశారు. "నీకొచ్చు, నువ్వే చదువు." కూడబలుక్కుంటూ చదివాను. అమ్మ అక్షరాలు గజిబిజి, ఒత్తులుండవు. అమ్మ రాయడం నేర్చుకుంది కూడా టీచరు గారి రాత్రి బళ్ళోనే, సంపూర్ణ అక్షరాస్యత అని లాంతర్లు పెట్టి చెప్పిన రోజుల్లో. పాస్‌పోర్టు కాగితాల మీద వేలిముద్ర వెయ్యకుండా సంతకం పెట్టిందని నాన్నమ్మ వీధంతా చెప్పుకుంది. ఆ ఉత్తరంలో ఒకచోట నేను ఆగిపోయాను. "పిల్లకి ఈ ముక్క చదవొద్దు" అని ఉంది. ముందుకి చదవాలా వద్దా తెలీక టీచరు గారి వైపు చూశాను. ఆవిడ పొయ్యి దగ్గరికెళ్ళిపోయారు, పాలు పొంగుతున్నాయని. పొయ్యి మీద పాలు లేవు.

చదివేశాను లెండి.

రైలుబండి
సోమవారం, ఉదయం 9:30

అమ్మాయ్, ఇంత బాగా రాస్తావు, ఆ ముక్క ఏంటో చెప్పకుండా వదిలేశావే!

మస్కట్ నుంచి
సోమవారం, ఉదయం 9:41

అది చెప్పనండి. టీచరు గారి శిష్యురాల్ని.

వశిష్ఠ గట్టు
సోమవారం, ఉదయం 11:00

సంవత్సరీకానికి మేం వస్తాం. నరసాపురం వైపు నుంచి వచ్చేవాళ్ళు పంటు (రేవు పడవ) మీద గోదారి దాటి సఖినేటిపల్లి రేవులో దిగితే నేను బండి పెడతాను. చీకటిపడేలోపు వెనక్కి బయల్దేరేలా చూసుకోండి. ఎంతమంది వస్తారో ముందు చెప్పండి, చుట్టూ తిరిగి వచ్చేవాళ్ళకి అక్కర్లేదు.

కొబ్బరి దింపు
సోమవారం, మధ్యాహ్నం 12:10

బాబాయ్ అనే పిలువమ్మా. కాయలు నేను తెస్తాను, కొనకండి. ఈసారి లెక్క నువ్వు చూసుకో.

లంక మనవరాలు
సోమవారం, రాత్రి 10:15

అందరికీ దణ్ణాలు. పుస్తకం నలభై పేజీలు దాటేలా ఉంది, ధర ఏమీ పెట్టట్లేదు, వచ్చినవాళ్ళకి ఊరికే ఇస్తాం. రాలేనివాళ్ళు నాకు విడిగా మెసేజ్ పెడితే పోస్టులో పంపిస్తాను. రైలుబండి గారూ, మీ ఫిర్యాదు మొదటి పేజీలోనే. పేట వీధి గారూ, బడికి రేపు వెళ్తున్నాను, పాత బీరువా ఒకటుందట, తాళంచెవి వెతికిస్తామన్నారు. ప్రూఫులు చూడ్డానికి రెండో టీచరు గారు ఒప్పుకున్నారు.

రెండో టీచరు
సోమవారం, రాత్రి 10:32

ఫైలు యూనికోడ్‌లో పంపమ్మా, పాత ఫాంట్లు నా కంప్యూటర్లో తెరుచుకోవు. ఇప్పటికే ఈ చర్చలో తొమ్మిది అచ్చుతప్పులు కనిపించాయి, ఎవరివో చెప్పను.